రాజీ నేను చెయ్యలే

సాయంత్రం ఐదు గంటలకు వలి బాషాను మేజిస్ట్రేటు ముందు పెడతారు. ప్రొద్దుటూరు స్టేషన్ గోడ గడియారంలో రెండూ నలభై అయింది. అంటే దేవపాలుకు మిగిలింది రెండు గంటల ఇరవై నిమిషాలు. సీఐగా రిటైరై నాలుగేళ్లయినా ఆయన చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసిన చేతి గోళ్ల సందుల్లో నల్లమట్టి ఉంది. నిన్న జమ్మలమడుగులో మేనల్లుడు నతానియేలు సమాధి మీద వేసిన మట్టి అది. కడుక్కోవాలన్న ధ్యాస ఆయనకు ఇంకా రాలేదు.

లాకప్పులో వలి బాషా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ల దర్జీ. మెడలో టేపు ఉండాల్సిన చోట చేయి పెట్టుకుని ఉన్నాడు. టేపును పోలీసులు తీసేసుకున్నారు.

"కోటు అయిపోయినాది సార్. చేతులు అరంగుళం తగ్గించాల్సి ఉండె. సాయంత్రం ఒకసారి తొడుక్కొని చూసుకుందువు రారా అని ఆదివారం ఫోన్ చేసినా. పన్నెండూ నలభై అయింటాది. దానికే పట్టుకొచ్చినారు."

"ఏం కోటు?"

వలి బాషా ఆయన వైపు వింతగా చూశాడు. "పెండ్లి కోటు సార్. మీ పాపతో పెండ్లికి."

దేవపాలుకు ఆ మాట తెలియక కాదు. తెలిసిన మాటే ఇంకొకరి నోట వింటే మళ్లీ కొత్తగా తగిలింది. కూతురు అరుణకుమారికి, చెల్లెలు సారమ్మ కొడుకు నతానియేలుకు వచ్చే నెల చర్చిలో పెళ్లి. ఇప్పుడు ఆ కోటు జమ్మలమడుగులో వలి బాషా అంగట్లో కొక్కేనికి వేలాడుతోంది.

"ప్రొద్దుటూరుకు ఎందుకొచ్చినావు ఆ పొద్దు?"

"ఇంకో కోటుకు లోపలి గుడ్డ కోసం. ఒంటిగంటకంతా బట్టల మార్కెట్లో ఉండా. ఆ పిల్లోడు పడిపోయిన బిల్డింగు ఆడికి వంద గజాలు. నా కర్మ." మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. "సార్, నేను వానికి రెండు చొక్కాలు కుట్టిచ్చినా పదో తరగతిలో. వాళ్లమ్మ తీసుకునింది. తీసుకుంటాదని నేననుకోలే."

దేవపాలు నోటుబుక్కు మూశాడు. పదహారేళ్ల కిందట పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చున్న సారమ్మ భర్తను, మూడో రోజు బాంబులేసి చంపారు. ఏ ఇల్లు ఏ పార్టీదో ఎవరో ఒక కాగితం మీద గుర్తులు పెట్టారు. ఆ కాగితం చేతులు మారింది. అంతే కథ. బాంబులేసిన వాళ్ల జీపును నడిపింది వలి బాషా. తర్వాత నాయకులిద్దరూ ఒకే పార్టీలో చేరి ఒకే వేదిక ఎక్కారు. మనుషులు మాత్రం రాజీ కావాల్సి వచ్చింది. వలి బాషా సారమ్మ గడప ముందు మూడు గంటలు నిలబడ్డాడు. చివరికి సారమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. రాజీ కాగితం రాసింది అప్పటి సీఐ దేవపాలే. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన గర్వపడేది ఆ ఒక్క కాగితానికే. ఈ సాయంత్రం వలి బాషా రిమాండుకు పోతే ఆ కాగితం కాలిపోతుంది. ఊళ్లో రెండు వైపుల వాళ్లూ అప్పుడే గుంపులు కట్టారని పొద్దున సారమ్మే ఫోన్లో చెప్పింది.

"అయిపోయిందా సార్?" అని వెనక నుంచి గొంతు వినిపించింది. సీఐ హుమాయున్. ఒకప్పుడు దేవపాలు కింద ఎస్సైగా పని నేర్చినవాడు. నేర్పినవాళ్లను దాటిపోవాలన్న తొందర అతనికి అప్పుడూ ఉండేది.

"ఈ మనిషి కాదు హుమాయూ."

"మీరు కాదంటారని నాకు తెలుసు. మీ రాజీ కదా." హుమాయున్ బల్ల సొరుగులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఫోన్ తీశాడు. నతానియేలుది. తెరిచే నంబరు ఆదివారమే అరుణకుమారి చెప్పింది. "మళ్లా ఒకసారి చదవండి. ఆదివారం పన్నెండూ పంతొమ్మిదికి పిల్లోడు రాసింది."

దేవపాలు చదవాల్సిన పని లేదు. రెండు రోజులుగా కళ్లు మూసుకున్నా ఆ నాలుగు ముక్కలే కనిపిస్తున్నాయి. 'రాజీ నేను చెయ్యలే. నా పేరు పెట్టి చేసినారు. ఎవరో తెలుసు. మధ్యాన్నం పోయి అడుగుతా.'

"పన్నెండూ పంతొమ్మిదికి ఇది రాసినాడు," అన్నాడు హుమాయున్. "పన్నెండూ నలభైకి వలి బాషా ఫోన్. ఒకటీ నలభై అయిదుకు కింద చీరల అంగడాయన దబ్బుమని శబ్దం విన్యాడు. ఇద్దరూ ఒకే ఊర్లో, ఒకే బజార్లో. ఇంకేం కావాల? ఆ పొద్దు రాజీ కాగితంలో పదకొండేండ్ల పిల్లోని పేరు వారసుడని రాసింది ఎవురు సార్?"

"నేనే."

"నా పేరు పెట్టి చేసినారు అంటే ఇంకేంది మరి."

అదే దేవపాలును రెండు రోజులుగా కోస్తున్నది. పిల్లవాడు పదహారేళ్లు లోపల దాచుకున్నాడా? ఆదివారం ఆదివారం పక్కన కూర్చుని మామా మామా అంటూనే, నా పేరెందుకు రాశావని లోపల అడుగుతూనే ఉన్నాడా? ఒక మాట బయటికి అడిగి ఉంటే కాళ్లు పట్టుకునైనా క్షమాపణ చెప్పేవాడు.

"పిల్లోడు పడిన చోటు ఒకసారి చూస్తా. ఫోన్ తీసుకొని నువ్వూ రా," అన్నాడు.

హుమాయున్ గడియారం చూశాడు. "గంట. మీకు కాబట్టి."

నతానియేలు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసు చీరల అంగడి పైన మూడో అంతస్తులో ఉంది. పద్నాలుగు మంది ఉద్యోగులు. యజమాని ఓబుళపతి పులివెందుల వైపు మనిషి. బెంగుళూరులో పదేళ్లు కంప్యూటర్ల పని చేసి, ఇక్కడే నలుగురికి పని ఇస్తానని తిరిగి వచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఎన్నికలు ముప్పై రోజుల్లోకి రావడంతో ఒక పార్టీ వాళ్లకు పోలింగు బూతుల యాప్ తయారు చేస్తున్నాడు.

ఆఫీసులో ఇద్దరే ఉన్నారు. ఓబుళపతి, అరుణకుమారి. మిగతావాళ్లకు సెలవిచ్చారు. అరుణకుమారి నల్లంచు తెల్ల చీరలో తన కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తండ్రిని చూసి లేచి, మళ్లీ కూర్చుంది. ఇంట్లో ఉండలేనని పొద్దునే వచ్చేసిందని దేవపాలుకు తెలుసు.

ఆయన నేరుగా మేడ మీదికి పోబోయి, గోడకున్న తెల్లబోర్డు దగ్గర ఆగిపోయాడు. దాని మీద నతానియేలు చేతిరాత. సున్నాలు గుండ్రంగా, ఒత్తులు పొడుగ్గా. పైన 'మన ఆఫీసు భాష' అని శీర్షిక. కింద వరసగా ఉన్నది ఆయన రెండుసార్లు చదివాడు.

ఎవరికి వారు విడిగా రాసుకునేది కొమ్మ. ఇద్దరి రాత ఒకదానికొకటి పొసగకపోతే తగాదా. సరిచూసి ఒప్పుకునేవాడు పెద్దమనిషి. కొమ్మను తెచ్చి అసలు ప్రోగ్రాములో కలిపితే రాజీ.

"హుమాయూ," అన్నాడు. "దీన్ని చదువు."

హుమాయున్ చదివాడు. మొదట నవ్వాడు. తర్వాత ఆ నవ్వు దానంతటదే పోయింది.

"అమ్మా," దేవపాలు కూతురి వైపు తిరిగాడు. "మాకు అర్థమయ్యేట్టు చెప్పు."

అరుణకుమారి తలెత్తలేదు. "పద్నాలుగు మందీ ఒకే పుస్తకంలో రాస్తే కొట్టుకుంటారు నాయనా. అందుకే ఎవరి నకలు వాళ్లు పెట్టుకుని రాస్తారు. అయిపోయినాక అసలు దాంట్లో కలుపుతారు. ఆ కలిపేదాన్ని ఈడ రాజీ అంటాము. బావ పెట్టిన పేరే. కలిపిన నిమిషానికి గుమాస్తా అడుగుతాడు."

"గుమాస్తా ఎవరు?"

"మనిషి కాదు. నేను రాసిన ప్రోగ్రాం. పోయిన ఆగస్టులో పెట్టినాము. ముందు నెలకొకసారి అందర్నీ కూర్చోబెట్టి పని ఎట్లుందని అడిగేవాళ్లు. ఎవురూ నిజం చెప్పరు. పని అయిన వెంటనే, వేడి మీద అడిగితే చెప్తారని బావ అన్యాడు. అందుకని రాజీ అయితానే, ఎవరి పేరుతో అయిందో వాళ్ల ఫోనుకు దానంతట అదే మెసేజీ పోతాది. మొదట రాజీ పేరు చూపిస్తాది. తర్వాత మూడు ప్రశ్నలు. ఎంత కష్టమైంది, ఒకటి నుంచి ఐదులో చెప్పమంటాది. మీ మాట ఎవరన్నా విన్నారా అంటాది. ఇంకేమన్నా చెప్పాలా అంటాది."

దేవపాలు కవరులోంచే ఫోన్ తెరిచి పైకి జరిపాడు. ఉంది. పోలీసులు చూసింది చివరి జవాబునే. దాని పైన, పది నలభై మూడుకు వచ్చిన ప్రశ్న అలాగే ఉంది. 'నతానియేలు, మీ పేరుతో రాజీ అయింది.'

అంటే పిల్లవాడు పదహారేళ్ల నాటి రాజీ గురించి రాయలేదు. నీళ్ల చెంబు గురించి కాదు, కాగితం గురించి కాదు, మామ గురించి అసలే కాదు. దేవపాలు పక్కకు తిరిగాడు. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుందామనుకున్నాడు గానీ హుమాయున్, అరుణ ఇద్దరూ చూశారు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా? ఒక మనిషి లాకప్పులో ఉండాడు."

"నాకు ఆ మెసేజీ ఎవురూ చూపించలే నాయనా," అంది అరుణకుమారి. స్క్రీన్ వైపు చూస్తూనే అంది.

దేవపాలు తలూపాడు. ఇంకెవరన్నా అయితే ఆ జవాబును నోటుబుక్కులో రాసుకునేవాడు.

ఓబుళపతిని ఆయన గాజుగదిలో ప్రశ్నించారు. మనిషి మర్యాదస్తుడు. కుర్చీలు తనే జరిపి వేశాడు.

"ఆదివారం పది నలభై రెండుకు నతానియేలు పేరుతో ఏం కలిపినారు?"

"యాప్‌లో ఒక గడి సార్. ఏ ఇల్లు మనకు, ఏ ఇల్లు వాళ్లకు, ఏది ఎటూ కాదు, అని గుర్తు. ప్రతి ఇంటికీ ఫోన్ నంబరుతో సహా. పార్టీ అడిగింది. నతానియేలు మొదట ఒప్పుకోల్యా. ఈ మార్పులకు వాడే పెద్దమనిషి, వాని తాళంతోనే, అంటే పాస్‌వర్డుతోనే కలపాల. తర్వాత ఒప్పుకొని వాడే కలిపినాడు."

ఇంటింటికీ గుర్తు. పదహారేళ్ల కిందట ఒక కాగితం మీద అలాంటి గుర్తులే ఉండేవి. ఆ కాగితం వల్ల తండ్రి పోయిన పిల్లవాడు ఈ గడికి ఎలా ఒప్పుకుంటాడు?

"పది నలభై రెండుకు వాడు యాడ ఉండాడో తెలుసునా?"

"ఫోన్ నుంచి కూడా చెయ్యచ్చు సార్."

"జమ్మలమడుగు చర్చిలో హార్మోనియం వాయిస్తాండాడు. నేను మూడో వరసలో ఉండా. ఒక చేయి మెట్ల మీద, ఒక చేయి తిత్తి మీద. మూడో చేయి వానికి ల్యా. పన్నెండూ ఐదుకు ప్రార్థన అయింది. బయటికి వచ్చి ఫోన్ చూసుకున్యాడు. మొహం మారింది. అన్నం తిందువు రారా అంటే, పని ఉంది మామా అని బండెక్కినాడు." ఆ ఆదివారం ఆయన పక్కన ఒక చోటు ఖాళీగా ఉండింది. తలనొప్పి అని అరుణ రాలేదు. అది కూడా గుర్తొచ్చింది. ఆయన దాన్ని పక్కకు నెట్టేశాడు. "నువ్వు యాడ ఉండావు?"

"పులివెందుల సార్. మా చిన్నాయన ఇంట్లో పిల్లోనికి పుట్టెంటికలు తీసేది ఉండె. పొద్దున పోయి సాయంత్రం వచ్చినా."

"పిల్లోని జవాబు సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సీఐ సార్ చెప్పినాకనే. గుమాస్తా జవాబులు నేను చూడను. ఎవరి జవాబన్నా నేను చూస్తే నిజం రాయరని, చూడనని అందరికీ మాటిచ్చినా."

మేడ ఎక్కినప్పుడు మూడూ ఇరవై ఐదు. ఆఫీసు ఊడ్చే గులాబ్‌బీని కింది నుంచి పిలిపించి వెంట తీసుకుపోయారు. పిట్టగోడ నడుమెత్తు లేదు. నీళ్ల ట్యాంకు పక్కన ఇనుప మేకుకు నతానియేలు హెల్మెట్ ఇంకా వేలాడుతోంది. దాని కింద ఇటుకల మీద, నేలకు తగలకుండా, బైబిలు. పోలీసులు దాన్ని ముట్టుకోలేదు. లోపల ఆదివారం పాటల చీటీ గుర్తుగా పెట్టి ఉంది. దేవపాలు దాన్ని తీసి తుడిచాడు. కొట్లాటకు వచ్చినవాడు బైబిలుకు చోటు వెతకడు. వీడు మాట్లాడటానికి వచ్చాడు.

"ఆదివారం నువ్వు వచ్చినావా అమ్మా?"

"పదకొండుకు వచ్చి పరదాలు ఉతికి ఈడ ఆరేసినా సార్. పన్నెండుకు పోయినా. మేడ తలుపుకు గడియ ఒకటే పెట్టినా, బీగం ఎయ్యలే. మళ్లా పరదాలు తీసుకోవాల కదా."

"బీగం యాడ ఉంటాది?"

"ఆఫీసు లోపల మేకుకు."

"మళ్లా ఎప్పుడొచ్చినావు?"

"గలాటా విని మూడున్నరకు. అప్పుడు తలుపుకు బీగం ఉన్యాది సార్, మెట్ల వైపు. నా పరదాలు లోపలుండాయి, బీగం ఎవురేసినారప్పా అనుకున్యా. పోలీసులు పగలగొట్టి పోయినారు."

దేవపాలు హుమాయున్ వైపు తిరిగాడు. "కింద పడినోడు మెట్ల వైపుకు వచ్చి బీగం వేసుకోలేడు. వలి బాషాకు ఆఫీసు లోపల మేకు సంగతి తెలీదు. ఆదివారం మూసిన ఆఫీసు తెరిచి, బీగం తీసి, తలుపుకు వేసిపోయినోడు ఒకడుండాడు."

"తలుపు మీరు పగలగొట్టించలేదు, నేను పగలగొట్టించినా," అన్నాడు హుమాయున్ కోపంగా. ఆ కోపం తన మీదే. "అప్పుడే ఆలోచన రావాల. రాలే. పైనుంచి మూడు ఫోన్లు సార్. పాత కక్ష అని రాసెయ్, ఎన్నికల ముందర యాప్ పేరు బయటికి రాకూడదు అని. బీగం ఒక్కదానితో ఐదుకు నేను ఆపలేను. దాన్ని వేసింది ఎవరి చెయ్యో తేలాల."

"నేర్పినప్పుడు ఫోన్లు ఎత్తమని నేర్పలే నీకు."

"మీరు రిటైరైనారు. నాకింకా పదిహేడేండ్లుంది."

అతనన్నది నిజమే.

గాజుగదిలోకి తిరిగొచ్చేసరికి మూడూ యాభై. దేవపాలు కూతుర్ని పిలిచి, గుమాస్తా జవాబులు ఎక్కడికి పోతాయో చూపించమన్నాడు. ఆమె ఓబుళపతి కంప్యూటర్లోనే తెరిచి చూపించింది. ఆమె రెండుసార్లు తప్పు కొట్టి చెరపడం తండ్రికి కనిపించింది. నిద్ర లేక, అనుకున్నాడు.

"అన్నీ ఒక పట్టికలోకి పోతాయి. పేర్లు లేకుండా." ఆగింది. "ఈడ ఇంకో అడ్రసు ఉంది. ఇది నేను పెట్టలే."

పట్టిక పేరు కింద ఇంకో మెయిల్ అడ్రసు. పేరు కాదు, ఏవో అక్షరాలు, అంకెలు. ప్రతి జవాబుకూ నకలు ఒకటి అక్కడికి పోతోంది, పేరుతో సహా. మూడు నెలలుగా.

"ఇది ఎవరిది?" అన్నాడు హుమాయున్.

ఓబుళపతి పెదవి విరిచాడు. "మెయిల్ కంపెనీకి రాయాల సార్. పదిహేను రోజులు పడతాది."

అంటే ఆదివారం పన్నెండూ పంతొమ్మిదికి, మధ్యాన్నం పోయి అడుగుతా అన్న మాట ఎవరి ఫోన్లోనో మోగింది. పిల్లవాడు జమ్మలమడుగు నుంచి వచ్చేలోపల ఆ మనిషికి యాభై నిమిషాల వ్యవధి దొరికింది. ఆ అడ్రసు ఎవరిదో తేలితే హంతకుడు తేలతాడు. తేలడానికి పదిహేను రోజులు. కోర్టుకు గంట.

అరుణకుమారి లేచి తన చోటికి వెళ్లిపోయింది. అద్దం అవతల ఆమె టైపు చేయడం కనిపిస్తోంది. హుమాయున్ ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఓబుళపతి మంచినీళ్లు తాగాడు. నతానియేలు ఫోన్ దేవపాలు చేతిలోనే ఉంది. ఆ పది నలభై మూడు నాటి ప్రశ్ననే ఆయన మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. నతానియేలు తాళం ఇంకెవరి దగ్గర ఉంది? ఎవరో తెలుసు అని రాసినవాడు పేరెందుకు రాయలేదు? కోపంగా ఉన్నవాడు పేరు రాస్తాడు. రాయలేదంటే ఆ పేరును నలుగురిలో పెట్టడం వాడికి ఇష్టం లేదు.

నాలుగూ పన్నెండుకు చచ్చిపోయిన పిల్లవాడి ఫోన్ చేతిలో మోగింది.

'నతానియేలు, మీ పేరుతో రాజీ అయింది. రాజీ పేరు: ఆదివారం నీ తాళంతో కలిపింది నేను. ఈరోజు ఆ గడి తీసేసినా. మా నాయన చేతిలో ఫోన్ ఉంది, ఆయన చదువుతాడు.'

దాని కింద మామూలు ప్రశ్న. 'ఈ రాజీ ఎంత కష్టమైంది? ఒకటి నుంచి ఐదు.'

దేవపాలు తలెత్తాడు. అద్దం అవతల అరుణకుమారి టైపు చేయడం ఆపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆయన వైపే చూస్తోంది. తలనొప్పి. ఖాళీ చోటు. ఎవురూ చూపించలే నాయనా. అన్నీ ఆయన కళ్ల ముందే ఉన్నాయి, రెండు రోజులుగా. పరాయి పిల్ల అయితే మొదటి గంటలోనే పట్టుకునేవాడు. ఆయన గుండె పగిలింది, ఆ పగిలిన చప్పుడు బయటికి వినపడలేదంతే.

నోట చెప్పలేకపోయింది. తను తయారు చేసిన గుమాస్తా చేత చెప్పించింది.

కానీ ముప్పై ఏళ్ల పోలీసు బుద్ధి ఏడుపు మధ్యలో కూడా పనిచేస్తుంది. అదో శాపం. ప్రశ్నకు జవాబు రాస్తే నకలు ఆ అడ్రసుకు పోతుంది. పదిహేను రోజులు ఆగనక్కర్లేదు.

"హుమాయూ, ఫోన్ పెట్టెయ్. ఎవురూ మాట్లాడొద్దు," అన్నాడు.

ఐదు నొక్కాడు.

గదిలో చిన్న గంట మోగింది. ఓబుళపతి చొక్కా జేబులో.

ఓబుళపతి కదల్లేదు. రెండో ప్రశ్న వచ్చింది. 'మీ మాట ఎవరన్నా విన్నారా?' లేదు, అని రాశాడు దేవపాలు. మళ్లీ గంట. ఈసారి ఓబుళపతి చేయి జేబు వైపు పోయింది. హుమాయున్ చేయి అతని మణికట్టు మీద పడింది.

'ఇంకేమన్నా చెప్పాలా?'

దేవపాలు బొటనవేలితో నెమ్మదిగా రాశాడు. హుమాయున్ ఓబుళపతి జేబులోంచి తీసిన ఫోన్ అతని చేతిలోనే మూడోసారి మోగింది. తెర మీద నతానియేలు పేరు, కింద ఒక్క ముక్క. హుమాయున్ దాన్ని పైకి చదివాడు.

"అడగడానికి వచ్చినా."

ఓబుళపతి కుర్చీలో కూలబడ్డాడు. "తొయ్యాలని కాదు సార్," అన్నాడు. "గడి తీసేస్తా, అందరికీ చెప్తా అన్యాడు. చెయ్యి పట్టుకున్యా. గోడ పొట్టిది." ఆ తర్వాత కిందికి చూడకుండా బీగం వేసి పులివెందులకు పోయానన్నాడు. పుట్టెంటికలు మూడు గంటలకు.

హుమాయున్ స్టేషనుకు ఫోన్ చేసి వలి బాషాను బయట కూర్చోబెట్టమని, టేపు ఇచ్చెయ్యమని చెప్పాడు. నాలుగూ ఇరవై ఐదు. రాజీ నిలిచింది.

అరుణకుమారి గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "చిన్న మార్పే, బావ మొండికేసినాడు, కలపకపోతే పద్నాలుగు మందికి పని పోతాదని శనివారం ఈ సార్ చెప్పినాడు. బావ తాళం నాకు తెలుసు. కలిపినాక సాయంత్రం చెప్పి బతిమాలుకుందామనుకున్యా. గుమాస్తా దానంతట అదే అడుగుతాడని..." బోర్డు వైపు చూసింది. "నేనే రాసినా నాయనా దాన్ని. నేనే మర్చిపోయినా."

ఎవరో తెలిసీ నతానియేలు పేరు రాయలేదు. పోయి అడిగింది కూడా ఆమెను కాదు, ఆమె చేత చేయించినవాణ్ని. అది తండ్రీకూతుళ్లిద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆమె ఏడవలేదు. ఏడుపు కూడా ఎక్కువే అన్నట్టు నిలబడింది.

హుమాయున్ కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీశాడు. ఆమె వాంగ్మూలం కావాలి. అది లేకుండా కేసు నిలవదు. అతను ఆమెను చూశాడు, దేవపాలును చూశాడు, పెన్ను కింద పెట్టేశాడు.

"నా వల్ల కాదు సార్. ఇంకో ఆఫీసర్ని పిలిపిస్తా."

"చట్టప్రకారం నువ్వే రాయాల. రాయి. అడిగేది నేను అడుగుతా."

దేవపాలు కుర్చీ జరుపుకుని కూతురి ఎదురుగా కూర్చున్నాడు. సారమ్మకు ఈ మాట ఎలా చెప్పాలో ఆయనకు తెలియదు. మొదటి ప్రశ్న ఏమిటో మాత్రం తెలుసు. కొన్ని వేల సార్లు అడిగాడు.

"పేరు?"

"అరుణకుమారి."

హుమాయున్ రాశాడు. దేవపాలు గోళ్లలో మట్టి వైపు చూసుకున్నాడు. తర్వాతి ప్రశ్నకు చాలాసేపు పట్టింది.

"తండ్రి పేరు?"